మందారకు మందు కొట్టే ముందు చీమల్ని చూడండి

ప్రశ్న: మాది ఒడిశాలో రాయగడ జిల్లా, గుణుపురం దగ్గర పల్లె. అర ఎకరం బెండతోట గట్టు మీద నలభై ఎర్ర మందార మొక్కలు పెంచుతున్నాం. మంగళ, శుక్రవారాల్లో పూలు అమ్మవారి గుళ్ల దగ్గర అమ్ముతాం. ఈ వేసవిలో చిగుళ్లు పిడికిలిలా ముడుచుకుపోయాయి. దూది అంటించినట్టు తెల్లగా ఉంది, కింది ఆకుల మీద మసి పట్టింది. మొగ్గలు విచ్చకుండానే రాలుతున్నాయి, ఆకులు పసుపు రంగుకు మారుతున్నాయి. మందుల షాపులో ఇచ్చిన మోనోక్రోటోఫాస్ మూడుసార్లు కొట్టాం. బలానికని డీఏపీ కూడా వేశాం. ఏమీ తగ్గలేదు. బెండకు అంటుకుంటుందేమోనని టెన్షన్‌గా ఉంది.
– ఒక రైతు, గుణుపురం

జవాబు: మీరు చెప్పిన చిగురు ముడత, తెల్లటి దూది, మసి మూడూ ఒకే పురుగు పని. దాన్ని పిండినల్లి అంటాం. ముడుచుకున్న చిగురొకటి తుంచి, విప్పి, ఆ తెల్లటి దాన్ని వేలితో నలపండి. గులాబీ రంగు తడి అంటితే అది మందార మీదే ఎక్కువగా కనిపించే గులాబీ పిండినల్లి. రసం పీల్చేటప్పుడు అది వదిలే లాలాజలానికే చిగురు అలా వంకర తిరుగుతుంది. ముడత పడ్డ ఆకు మళ్లీ సాఫు కాదు, దాని మీద ఆశ వదులుకోండి.

మందు ఎందుకు పని చేయలేదంటారా? పురుగు ఒంటి మీద మైనం లాంటి పూత ఉంటుంది, మందు నీళ్లు దాని మీద నిలవవు. పైగా ముడత లోపలికి పిచికారీ చేరదు. మూడుసార్లు కొట్టిన దెబ్బకు చచ్చింది బహుశా మీకు మేలు చేసే అక్షింతల పురుగులే. ఇంకో మాట. మోనోక్రోటోఫాస్‌ను కూరగాయల మీద వాడకూడదని 2005లోనే నిషేధించారు. గాలి వాటుకు అది పక్కనున్న బెండ మీద పడుతుంది. షాపువాళ్లు ఇచ్చారని కొట్టేయకండి.

ఇప్పుడు అసలు సంగతి. మీరు చీమల గురించి రాయలేదు. కానీ కాండం దగ్గర కాసేపు కూర్చుని చూడండి, బారులు తీరి ఎక్కుతూ దిగుతూ కనిపిస్తాయి. పిండినల్లి విసర్జించే తీపి జిగురు చీమలకు తిండి. అందుకే అవి దాన్ని పశువుల్లా కాస్తాయి, తినడానికి వచ్చిన అక్షింతల పురుగును తరిమేస్తాయి. ఆ జిగురు మీదే మసి తెగులు పెరుగుతుంది. చీమల రాకపోకలు ఆపకుండా ఎంత మందు కొట్టినా నెలకల్లా కథ మొదటికి వస్తుంది.

ముందుగా ముడుచుకున్న కొమ్మలను జానెడు కిందికి కత్తిరించి, అక్కడికక్కడే ప్లాస్టిక్ సంచిలో వేసి మూతి కట్టి ఎండలో పడేయండి, లేదా కాల్చండి. గట్టు మీద గాని కాలువలో గాని పారేస్తే పక్క పొలానికి మీరే పంపినట్టు. తర్వాత కాండానికి నేల నుంచి జానెడు ఎత్తున ప్లాస్టిక్ టేపు చుట్టి, దాని మీద బండి గ్రీజు పూయండి. నేరుగా బెరడుకు పూస్తే మొక్క దెబ్బతింటుంది. కంచెకు, పక్క మొక్కకు తగిలే కొమ్మలను కత్తిరించకపోతే చీమలు ఆ దారిన వస్తాయి. మిగిలిన పురుగులను పైపు నీళ్లతో జోరుగా కొట్టి కడిగేయండి. అప్పుడు లీటరు నీటికి 5 మి.లీ. వేపనూనె, అది నీటిలో కలిసేందుకు కొద్దిగా సబ్బు నీళ్లు కలిపి, సాయంత్రం పూట ఆకు అడుగు తడిసేలా పిచికారీ చేయండి. ముందు ఒక కొమ్మ మీద కొట్టి, ఆకు మాడలేదని చూసుకుని మిగతావాటికి కొట్టండి. వారానికొకసారి చొప్పున మూడుసార్లు చాలు.

ఒక జాగ్రత్త. పిండినల్లిలాగే ఒళ్లంతా తెల్లటి పోగులతో, కాస్త పెద్దగా ఉండి చురుగ్గా పాకే పురుగు కనిపిస్తే చంపకండి. అది పిండినల్లిని తినే ఒక రకం అక్షింతల పురుగు పిల్ల. దాన్ని చూసి రోగం ముదిరిందని కంగారుపడినవాళ్లు చాలామంది ఉన్నారు.

బెండ గురించి మీ భయం సరైనదే. మందార, బెండ, పత్తి, గోంగూర ఒకే కుటుంబం, పిండినల్లికి అన్నీ చుట్టాల ఇళ్లే. గట్టు మీద తుత్తురబెండ, వయ్యారిభామ ఉంటే పీకేయండి. మందార వైపున్న రెండు సాళ్ల బెండను వారానికి రెండుసార్లు ఆకు తిప్పి చూడండి.

మొగ్గ రాలడానికి కారణాలు వేరే ఉండవచ్చు. తెల్ల కాగితం మీద మొగ్గను దులపండి. సన్నటి పురుగులు రాలి పరుగెత్తితే తామర పురుగులు, పై వేపనూనెతోనే అవీ తగ్గుతాయి. మొగ్గను చీల్చితే లోపల పురుగు ఉందా, రాలిన మొగ్గలన్నీ రోజూ ఏరి కాల్చేయండి. రెండూ లేకపోతే నీటి ఎద్దడి. నాలుగు రోజులు ఎండబెట్టి ఒకేసారి నిండా పెడితే మందార మొగ్గ నిలవదు. మొక్క మొదలు చుట్టూ గడ్డి పరిచి, నీళ్లు తక్కువ తక్కువగా తరచుగా పెట్టండి. విచ్చిన పువ్వు మర్నాటికి రాలితే మాత్రం జబ్బు కాదు, దాని ఆయుష్షే ఒక్కరోజు.

ఇక పసుపు రంగు. ముదురాకులు పండి రాలితే నీరు ఎక్కువైందో, నత్రజని తక్కువైందో చూడాలి. లేతాకుల్లో ఈనెలు ఆకుపచ్చగా ఉండి మధ్యలో పసుపు పడితే ఇనుము లోపం. డీఏపీ అతిగా వేస్తే అందులోని భాస్వరం ఇనుమును మొక్కకు అందనివ్వదు. డీఏపీ మానేసి, లీటరు నీటికి 5 గ్రా. అన్నభేది (ఫెర్రస్ సల్ఫేట్), 1 గ్రా. నిమ్మ ఉప్పు కలిపి వారం తేడాతో రెండుసార్లు కొట్టండి. దీన్ని వేపనూనెతో కలపవద్దు.

మూడో పిచికారీ తర్వాత కూడా కొత్త చిగురు ముడుచుకుంటే, సొంతంగా ఇంకో మందు కొనకుండా ఒక కొమ్మను జిల్లా కృషి విజ్ఞాన కేంద్రానికి తీసుకెళ్లి చూపించండి. కవరు మూతి గట్టిగా కట్టి మరీ తీసుకెళ్లండి, బస్సులో పక్కవాళ్ల కూరగాయల బుట్ట ఉండవచ్చు.