పదివేల అడుగులు వేయలేకపోతే నడక దండగేనా?

ప్రశ్న: నా వయసు 58. మాది తెనాలి. ఎనిమిదేళ్లుగా షుగర్, ఐదేళ్లుగా బీపీ ఉన్నాయి. షుగర్‌కి మెట్‌ఫార్మిన్, గ్లిమిపిరైడ్ కలిసిన మాత్ర వేసుకుంటున్నాను. ఎత్తు ఐదడుగుల ఒక అంగుళం, బరువు 74 కిలోలు. నెల క్రితం మా అబ్బాయి నడుముకు తగిలించుకుని అడుగులు లెక్కపెట్టే చిన్న పెడోమీటర్ కొనిచ్చాడు. రోజంతా ఇంటి పని చేసినా అందులో మూడు వేలు దాటడం లేదు. పక్కింటావిడేమో పదివేలు నడవకపోతే దండగ అంటున్నారు. పోయిన వారం పట్టుబట్టి ఒక్కరోజే ఎనిమిది వేలు నడిచాను. మోకాళ్లు వాచి రెండు రోజులు మంచం దిగలేదు. పైగా ఫోన్‌లో ఒక లెక్క, ఇందులో ఇంకో లెక్క వస్తోంది. మా రెండేళ్ల మనవరాలు దాన్ని ఊపి ఆడుకున్నా అంకెలు పెరుగుతున్నాయి. రాత్రిపూట ఆ అంకె చూస్తే టెన్షన్ వస్తోంది. దీన్ని నమ్మవచ్చా? నేను రోజుకు ఎంత నడవాలి?

జవాబు: అమ్మా, ముందు ఆ పదివేల సంగతి చెబుతాను. మీ మోకాళ్ల మీద పడిన బరువు అదే.

1964లో టోక్యోలో ఒలింపిక్స్ జరిగాయి. ఆ తర్వాతి ఏడాది జపాన్‌లో యమాసా అనే గడియారాల కంపెనీ ఇలాంటి క్లిప్ పరికరాన్నే అమ్మకానికి పెట్టింది. దాని పేరు ‘మాన్పో-కెయ్’. జపాన్ భాషలో ‘మాన్’ అంటే పదివేలు, ‘పో’ అంటే అడుగు, ‘కెయ్’ అంటే కొలిచేది. పదివేల అడుగుల మీటర్ అన్నమాట. గుండ్రంగా, గుర్తుండేలా ఉన్న ఆ పేరు జనంలో పాతుకుపోయి, చివరికి వైద్య నియమంలా చలామణి అయింది. నడవగలిగినవారికి పదివేలు మంచిదే. కానీ అంతకు తగ్గితే లాభం లేదన్న మాట మాత్రం నిజం కాదు.

2019లో అమెరికాలో ఒక పరిశోధన ఫలితాలు వచ్చాయి. సగటు వయసు 72 ఉన్న 16 వేలమందికి పైగా మహిళలు నడుముకు అడుగులు లెక్కపెట్టే పరికరం పెట్టుకున్నారు. ఆ తర్వాత సుమారు నాలుగేళ్లు వాళ్ల ఆరోగ్యాన్ని గమనించారు. రోజుకు 2,700 అడుగుల దగ్గర ఉన్నవారితో పోలిస్తే, 4,400 అడుగులు వేసినవారిలో మరణాలు 41 శాతం తక్కువ. 7,500 వరకు లాభం పెరుగుతూ వచ్చి, ఆ పైన అక్కడే నిలిచిపోయింది. జబ్బుతో ఉన్నవారు ఎలాగూ తక్కువ నడుస్తారు కాబట్టి ఈ తేడా మొత్తం నడక ఘనతే అనలేం. అయినా మూడు వేల దగ్గర ఉన్న మీరు నాలుగున్నర వేలకు చేరడంలో ఎంత విలువుందో ఇందులో కనిపిస్తుంది. మొత్తం 47 వేలమందికి సంబంధించిన పదిహేను పరిశోధనలను కలిపి 2022లో మళ్లీ చూశారు. అరవై దాటినవారికి ఆరు నుంచి ఎనిమిది వేల మధ్య, అంతకు చిన్నవారికి ఎనిమిది నుంచి పదివేల మధ్య లాభం నిలకడకు వస్తోందని తేలింది. మీకు 58 ఏళ్లు, పైగా మోకాళ్ల నొప్పి. ఆరు వేలను గమ్యంగా పెట్టుకుందాం. అక్కడికి మూడు నెలల్లో చేరితే చాలు.

ఇక పరికరం. దాన్ని చెవి దగ్గర పెట్టుకుని మెల్లగా ఊపి చూడండి. టిక్ టిక్ మని చప్పుడు వస్తే అది పాత తరహాది. లోపల సన్నని స్ప్రింగుకు ఒక చిన్న మీట వేలాడుతుంది. అడుగు వేసినప్పుడల్లా నడుము కాస్త కుదుపుకు లోనవుతుంది, ఆ కుదుపుకు మీట కిందికి దిగి తగులుతుంది, అంకె ఒకటి పెరుగుతుంది. అది నిటారుగా ఉంటేనే మీట సరిగ్గా ఆడుతుంది. పొట్ట కాస్త ముందుకు ఉన్నవారిలో నడుము ముందు భాగాన పెడితే పరికరం వాలిపోతుంది, సగం అడుగులు లెక్కలోకి రావు. మెల్లగా నడిచినా అంతే, కుదుపు చాలదు. మీ మూడు వేలల్లో కొంత లోటు మీది కాదు, పరికరానిదే అయ్యుండవచ్చు. చప్పుడు రాకపోతే లోపల ఉన్నది ఎలక్ట్రానిక్ చిప్. అది వాలినా అంతగా తప్పదు. కానీ అలాంటి పరికరాలు కొన్నయితే, కొన్ని సెకన్లపాటు ఆగకుండా నడిస్తే గానీ లెక్క మొదలుపెట్టవు. పొయ్యి దగ్గర నుంచి సింకు దాకా, అక్కడి నుంచి మళ్లీ పొయ్యి దాకా నాలుగేసి అడుగుల చొప్పున మీరు రోజంతా తిరిగినా అందులో కనపడకపోవడానికి కారణం అదే. ఇంటి పని చేసే ఆడవాళ్లు ‘ఇంత తిరిగినా రాలేదే’ అని నా దగ్గర బాధపడుతుంటారు. ఆ పని వృథా కాదమ్మా, అది శ్రమే. లెక్కకు అందని శ్రమ.

ఎక్కడ పెట్టుకోవాలన్నది చాలామంది పట్టించుకోరు గానీ సగం తప్పులు అక్కడే జరుగుతాయి. చీర కట్టినప్పుడు కుచ్చిళ్ల దగ్గర పెడితే జారుతుంది, వాలుతుంది. లోపలి లంగా బొందుకు కుడిపక్కన, కుడి మోకాలికి సరిగ్గా పైన వచ్చేలా గట్టిగా తగిలించండి. అక్కడ పొట్టకు ఆని వాలుతుంటే ఇంకా పక్కకు, అవసరమైతే నడుము వెనక్కి జరపండి. నైటీలో ఉన్నప్పుడు జేబులో వేసుకోకండి, వదులుగా ఊగి ఇష్టమొచ్చిన లెక్క ఇస్తుంది. నడుముకు వెడల్పాటి ఎలాస్టిక్ పట్టీ పెట్టుకుని దానికి తగిలించండి.

సరిగ్గా పెట్టారో లేదో తెలుసుకోవడం తేలిక. రీసెట్ చేసి, మామూలుగా నడుస్తూ మనసులో వంద అడుగులు లెక్కపెట్టండి. పరికరం 95 నుంచి 105 లోపు చూపిస్తే దాన్ని నమ్మవచ్చు. ఎనభై చూపిస్తే చోటు మార్చి మళ్లీ నడవండి. రెండు మూడు చోట్ల చూస్తే ఒకటి కుదురుతుంది. ఆ తర్వాత రోజూ అక్కడే పెట్టుకోండి. ఆటోలోనో బండి మీదో గతుకుల రోడ్డున వెళ్లేటప్పుడు మాత్రం తీసి సంచిలో పెట్టండి, ఆ కుదుపులు కూడా అడుగుల్లో కలిసిపోతాయి.

ఫోన్‌తో పోల్చుకోవడం మానేయండి. ఫోన్ బల్ల మీద ఉన్నప్పుడు మీరు వేసిన అడుగులు దానికి తెలియవు. చేతిలో ఉంటే ఒక లెక్క, హ్యాండ్‌బ్యాగులో ఉంటే ఇంకో లెక్క. రెండు గడియారాలు చూసుకుంటే టైము మీద అనుమానమే మిగులుతుంది. ఒక్కదాన్నే పట్టుకోండి. పరికరంలో కేలరీల అంకె ఉంటే అది కూడా చూడనక్కర్లేదు, ఎత్తూ బరువూ పెట్టి వేసిన ఉజ్జాయింపు అది. దాన్ని నమ్మి ఇంకో గారె తినేవారున్నారు.

మీ మనవరాలి గురించి రాశారు కదా, అక్కడ మాత్రం గట్టిగా చెబుతున్నాను. ఆ పరికరంలో బటన్ సెల్ ఉంటుంది. పిల్లలు దాన్ని మింగితే అది అన్నవాహికలో ఇరుక్కుని రెండు గంటల్లోనే లోపల కాల్చేయగలదు. ఎప్పుడైనా మింగిందన్న అనుమానం వచ్చినా చాలు, వాంతి చేయించే ప్రయత్నం చేయకుండా వెంటనే పెద్దాసుపత్రికి తీసుకెళ్లాలి. దయచేసి పాపకు దాన్ని ఆటవస్తువుగా ఇవ్వకండి. సెల్ పెట్టే మూతకు స్క్రూ ఉందో లేదో ఈరోజే చూడండి. లేకపోతే టేపు గట్టిగా చుట్టండి.

ఇప్పుడు మీ నడక. వాపు పూర్తిగా తగ్గేదాకా ఆగండి. తగ్గాక మొదటి వారం ఏమీ మార్చకండి. ఎప్పటిలాగే ఉంటూ, పొద్దున లేవగానే రీసెట్ చేసి తగిలించుకుని, రాత్రి పడుకోబోయే ముందు అంకె రాయండి. గోడ క్యాలెండర్‌లో పాల లెక్క రాసుకునే గడిలోనే రాసుకోవచ్చు. ఏడు రోజులదీ కూడి ఏడుతో భాగిస్తే వచ్చేది మీ అసలు అంకె. మూడు వేలు వచ్చిందనుకుందాం. తర్వాతి రెండు వారాలు రోజుకు మూడున్నర వేలు. ఆ పై రెండు వారాలు నాలుగు వేలు. ఇలా రెండు వారాలకొకసారి అయిదు వందలు పెంచుకుంటూ వెళితే పన్నెండు వారాలకు ఆరు వేలవుతుంది. అయిదు వందల అడుగులంటే ఆరేడు నిమిషాల నడక, అంతే.

ఆ అయిదు వందలు ఎప్పుడు వేయాలన్నది షుగర్ ఉన్నవారికి ముఖ్యం. న్యూజిలాండ్‌లో టైప్ 2 షుగర్ ఉన్న 41 మందితో చేసిన పరిశోధన 2016లో వెలువడింది. రోజులో ఏదో ఒక సమయంలో అరగంట నడవడం కంటే, మూడు పూటలా తిన్న తర్వాత పది నిమిషాల చొప్పున నడిస్తే భోజనం తర్వాతి షుగర్ 12 శాతం తక్కువగా ఉంది. రాత్రి భోజనం తర్వాతైతే ఆ తేడా 22 శాతం. మన ఇళ్లలో రాత్రి తొమ్మిదింటికి అన్నం తిని, సీరియల్ చూసి, అలాగే నడుం వాలుస్తాం. మీరు పెంచే మొదటి అయిదు వందలు రాత్రి భోజనం తర్వాతే పెట్టుకోండి. ఇంటి ముందు వీధిలోనో, డాబా మీదో, నేల చదునుగా ఉండి వెలుతురున్న చోట నడవండి. తర్వాతి అయిదు వందలు మధ్యాహ్నం తిన్నాక ఇంట్లోనే. ఎండాకాలంలో పొద్దునపూట బయట నడక ఏడు గంటలలోపే ముగించండి.

కొన్నాళ్లు అలవాటయ్యాక వేగం సంగతి చూద్దాం. గడియారం పెట్టుకుని ఒక నిమిషం నడవండి. నిమిషానికి వంద అడుగులు పడితే అది చురుకైన నడక. ఇప్పుడు మీకు డెబ్బై పడవచ్చు, ఫర్వాలేదు.

మోకాళ్ల విషయంలో నా రోగులకు చెప్పేదే మీకూ చెబుతాను. నడిచేటప్పుడు కాస్త నొప్పి ఉంటే భయపడనక్కర్లేదు. నడక ఆపిన రెండు గంటల తర్వాత కూడా నొప్పి ఎక్కువగానే ఉన్నా, మర్నాడు పొద్దున మోకాలు వాచినా, ముందురోజు ఎక్కువైందని అర్థం. అంతకుముందు అంకెకు తగ్గి ఇంకో వారం అక్కడే ఉండండి. మళ్లీ వాస్తే ఎముకల డాక్టర్‌కు చూపించండి. హవాయి చెప్పులతోనూ ఉత్తి కాళ్లతోనూ నడవకండి. ఎనిమిదేళ్ల షుగర్ కాబట్టి పాదాల్లో స్పర్శ తగ్గి ఉండవచ్చు, ఒకసారి పరీక్ష చేయించుకోండి. స్పర్శ తగ్గిందంటే ఎం.సి.ఆర్. చెప్పులు (మెత్తటి రబ్బరు అట్టతో చేసినవి) వాడాలి. ప్రతి రాత్రీ అరికాళ్లు చూసుకోండి. కనపడకపోతే అద్దం పెట్టుకోండి, లేదా మీ అబ్బాయిని చూడమనండి.

మీరు వేసుకునే మాత్రలో గ్లిమిపిరైడ్ ఉంది. అది షుగర్‌ను బాగా పడేయగలదు. మాత్ర వేసుకుని టిఫిన్ తినకుండా నడకకు వెళ్లకండి. చేతులు వణకడం, చెమటలు, గుండె దడ, కళ్లు తిరగడం మొదలైతే వెంటనే కూర్చుని మూడు చెంచాల పంచదార నీళ్లలో కలుపుకుని తాగండి. కొంగు ముడిలోనో పర్సులోనో చిన్న పొట్లం ఎప్పుడూ ఉండాలి. నడుస్తుంటే ఛాతీ బిగుసుకున్నట్టున్నా, దవడకో ఎడమ చేతికో నొప్పి పాకినా, ఎప్పుడూ లేని ఆయాసం వచ్చినా ఆగిపోయి అదే రోజు డాక్టర్‌ను కలవండి. నిలబడ్డాక కూడా తగ్గకపోతే ఇంటికి కాదు, అట్నుంచి అటే ఆసుపత్రికి వెళ్లాలి. షుగర్ ఉన్నవారిలో నొప్పి లేకుండా కూడా గుండెపోటు రావచ్చు, అందుకే ఆయాసాన్ని తేలిగ్గా తీసుకోకండి. కొంత దూరం నడిచేసరికి పిక్కలు పట్టేసి, ఆగితే తగ్గిపోతుంటే అది కాలి రక్తనాళాల సమస్య కావచ్చు. అదీ చెప్పాల్సిందే.

మూడు నెలల తర్వాత హెచ్‌బిఎ1సి (గత రెండు మూడు నెలల సగటు షుగర్ చెప్పే) పరీక్షకు వెళ్లేటప్పుడు ఆ క్యాలెండర్ కాగితాలు కూడా తీసుకెళ్లండి. పెరిగిన అడుగులూ తగ్గిన షుగరూ పక్కపక్కన కనిపిస్తే, గ్లిమిపిరైడ్ మోతాదు తగ్గించవచ్చేమో మీ డాక్టర్ చూస్తారు. అంతవరకు మాత్ర మీరై మీరు తగ్గించకండి.