ఇత్తడి చెంబు ఫోటోలో ఫోను ప్రతిబింబం పడకుండా

అమ్మకానికి పెట్టే ఇత్తడి చెంబులు, స్టీలు పళ్ళేలు ఫోటో తీస్తే ఫోనూ చెయ్యీ వాటిలో కనిపిస్తున్నాయని, సీపీఎల్ ఫిల్టర్ (ప్రతిబింబాలు తగ్గించడానికి లెన్సు ముందు పెట్టే పోలరైజర్) కొన్నా పోవట్లేదని అడిగారు. ఫిల్టర్‌లో లోపం లేదండీ, లోహం మీద దానికి పనిలేదంతే. గాజు మీద లంబం నుంచి సుమారు 56 డిగ్రీల వాలులో పడ్డ వెలుతురు ధ్రువితమై, అంటే ఒకే దిశలో కంపిస్తూ, తిరిగొస్తుంది, ఫిల్టర్ తిప్పితే ఆగిపోతుంది. లోహం నుంచి వచ్చేది అలా పూర్తిగా ధ్రువితం కాదు. లైటుకి కూడా పోలరైజర్ షీటు కట్టమని ఎవరైనా చెబితే వినకండి, ఆ రెండూ కలిసి మెరుపంతా ఆపేస్తే ఫోటోలో చెంబు బొగ్గులా నల్లగా వస్తుంది.

మెరిసే లోహం ఎదురుగా ఏముంటే దాన్నే చూపిస్తుంది. కాబట్టి సర్దాల్సింది చెంబుని కాదు, దాని చుట్టూ ఉన్నదాన్ని.

పళ్ళెం తేలిక. మీరు 45 డిగ్రీల వాలు నుంచి తీస్తుంటే అవతలి వైపు అదే వాలులో ఉన్నది అందులో పడుతుంది. అక్కడ తెల్ల థర్మోకోల్ షీటు నిలబెట్టి, లైటు దాని మీదికి తిప్పండి.

చెంబుతోనే తంటా. గుండ్రటి పొట్టలో గది దాదాపు అంతా కనిపిస్తుంది, మధ్యలో ఫోను ఎలాగూ ఉంటుంది. దాన్ని తీసేయలేం, చిన్నది చేయగలం. 12 సెం.మీ. వ్యాసమున్న చెంబుని 40 సెం.మీ. దూరం నుంచి తీస్తే 15 సెం.మీ. ఫోను అందులో సుమారు 1 సెం.మీ. పొడవు కనిపిస్తుంది. 120 సెం.మీ. దూరానికి వెళ్తే 4 మి.మీ. కూడా ఉండదు. అక్కణ్ణుంచి 3ఎక్స్ లెన్సుతో తీయండి. ఫోనుకి ముందు లెన్సు మేర చిల్లు పెట్టిన తెల్ల చార్టు అడ్డం పెడితే ఒక్క చుక్కే మిగులుతుంది, దాన్ని ఎడిటింగులో చెరిపేయొచ్చు.

రెండు పక్కలా, పైనా ట్రేసింగ్ పేపరు కట్టి, లైట్లు దాని బయట ఓ 30 సెం.మీ. ఎడంగా పెట్టండి. మరీ ఆనిస్తే కాగితం మీద తెల్లటి మచ్చ ఏర్పడి అదే చెంబు మీదా పడుతుంది. అన్నీ తెల్లగా ఉంచితే మాత్రం చెంబు ప్లాస్టిక్ సరుకులా తేలిపోతుంది. ఫ్రేముకి ఆవల రెండు వైపులా 3–4 సెం.మీ. వెడల్పు నల్ల చార్టు ముక్కలు నిలబెట్టండి, అంచుల్లో నల్లగీత పడి గుండ్రదనం తెలుస్తుంది. చాలామంది వదిలేసేది ఇదే.

ట్యూబ్‌లైటు ఆపి, కిటికీ మూయండి. రెండు రకాల వెలుతురు కలిస్తే ఒకే చెంబు మీద పసుపు, నీలం పట్టీలు కనిపిస్తాయి. రంగు చొక్కా వద్దు. ఫోకస్ మెరుపు మీద కాకుండా అంచు మీద నొక్కండి, లేకపోతే ఫోను ప్రతిబింబాన్ని పట్టుకుంటుంది. చుట్టూ తెలుపు చూసి ఫోను ఫోటోని చీకటి చేస్తుంది కనుక ఎక్స్‌పోజర్ 0.7 పెంచండి. వైట్ బ్యాలెన్స్ (తెలుపు తెల్లగా కనిపించేలా రంగులు సరిచేసే సెట్టింగు) ముందే తెల్ల కాగితం మీద లాక్ చేయండి. ఆటోలో వదిలితే ఇత్తడి పసుపుని తగ్గించి పాలిపోయినట్టు చూపిస్తుంది.