పకిప్సీ టేప్స్ నిజమా, కల్పితమా? క్యాసెట్లతో బతికిన వాడిగా నా సమాధానం

మీరు అడిగింది ఇది: "సీరియల్ కిల్లర్ ఇంట్లో దొరికిన క్యాసెట్లు అని చెప్పి 'ది పకిప్సీ టేప్స్' అనే సినిమా చూపించారు. అవి నిజం టేపులేనా? కాకపోతే ఇంత తక్కువ ఖర్చుతో తీసిన సినిమా ఎందుకంత భయపెడుతోంది? ఇలాంటివి ఇంకేమైనా ఉన్నాయా?"

నిజం టేపులు కావు. మొత్తం నటులతో తీసిన సినిమా. జాన్ ఎరిక్ డౌడల్ దర్శకుడు, ఆయన సోదరుడు డ్రూ నిర్మాతల్లో ఒకడు. 2007లో న్యూయార్క్ ట్రైబెకా ఫిల్మ్ ఫెస్టివల్లో మొదట వేశారు. 2008 ఫిబ్రవరిలో హాలీవుడ్ సంస్థ ఎంజీఎం వాళ్ళు థియేటర్లలో విడుదల చేస్తారని ట్రైలర్ కూడా వచ్చింది. తరవాత ఆ సినిమా జాడే లేదు. అమెరికాలో 2014లో కొన్నాళ్ళు ఇంట్లో డబ్బు కట్టి చూసే పద్ధతిలో వచ్చి మళ్ళీ మాయమైంది. సరైన బ్లూరే డిస్కు 2017లో గానీ రాలేదు. పదేళ్ళు దొంగ కాపీల్లోనే తిరిగింది. "నిజం కాబట్టే ఆపేశారట" అన్న మాట అలా పుట్టుకొచ్చింది. మీకు చెప్పినవాళ్ళు కూడా ఆ గాలిలోంచే విని ఉంటారు.

పకిప్సీ అనే ఊరు మాత్రం నిజం. న్యూయార్క్ రాష్ట్రంలో హడ్సన్ నది ఒడ్డున ఉంది. 1996 నుంచి 1998 దాకా ఆ ఊళ్ళో ఒకడు ఎనిమిది మంది ఆడవాళ్ళని చంపి, శవాల్ని తను కుటుంబంతో ఉంటున్న ఇంట్లోనే దాచిపెట్టాడు. అదీ నిజమే. కానీ సినిమాలో ఉండే హంతకుడు ఎడ్వర్డ్ కార్వర్, పాడుబడ్డ ఇంట్లో దొరికిన ఎనిమిది వందల పైచిలుకు టేపులు, వాడికి పెట్టిన "వాటర్ స్ట్రీట్ బుచర్" అన్న పేరు, ఇవన్నీ కల్పితం. ఊరి పేరు నిజం కావడంతో మిగతాదీ నిజమే అనిపిస్తుంది.

ఇక నా సంగతి. నాకు తెనాలిలో స్టూడియో ఉండేది. పద్దెనిమిదేళ్ళు పెళ్ళిళ్ళకీ పేరంటాలకీ వీడియో కవరేజ్ చేశాను. వీహెచ్‌ఎస్ వీడియో క్యాసెట్లు పోయి డీవీడీలు వచ్చాక, ఆ పాత పెళ్ళి క్యాసెట్లని డీవీడీల్లోకి ఎక్కించడమే నా ప్రధాన ఆదాయం. ఎన్ని వేల గంటల పాత టేపు చూశానో లెక్కలేదు. 2012లో ఒక రాత్రి స్టూడియోలో కన్వర్షన్ నడుస్తుంటే, నా దగ్గర పనిచేసే కుర్రాడు హార్డ్ డిస్క్‌లో ఒక ఫైల్ తెచ్చాడు. "అన్నా, ఇది నిజం టేపంట, అమెరికాలో పోలీసులకి దొరికిందంట" అన్నాడు. మొదటి కొన్ని నిమిషాలు లేని కాపీ. టైటిల్స్ లేవు, పేర్లు లేవు. వాడు భయపడి ఇంటికెళ్ళిపోయాడు, నేను ఒక్కణ్ణే కూర్చున్నాను. మొదటి పావుగంట నేనూ నమ్మాను. నా చేతులు చల్లబడ్డాయి. ఎనిమిదేళ్ళ పాపని ఇంటి ముందు నుంచి ఎత్తుకుపోయే టేపు మొదట్లోనే వస్తుంది. అక్కడే ఆపేద్దామనుకున్నాను.

ఆపకుండా నన్ను కూర్చోబెట్టింది నా వృత్తే. టేపు ఎలా పాడవుతుందో నాకు తెలుసు. క్యాసెట్ ఆడించే వీసీఆర్ లోపల తిరిగే డ్రమ్ముకి రెండు హెడ్లుంటాయి, ఒకదాని తరవాత ఒకటి బొమ్మని చదువుతాయి. ఒక హెడ్ నుంచి రెండోదానికి మారే చోట బొమ్మ అడుగున సన్నటి పట్టీ వంకర్లు తిరుగుతుంది. పాత డబ్బా టీవీల్లో ఆ అంచు తెర వెనక దాగిపోయేది. కంప్యూటర్‌లోకి ఎక్కించినప్పుడు బయటపడుతుంది. కాపీకి కాపీ తీస్తే ఎర్ర రంగు ముందు చెడిపోతుంది. పెళ్ళికూతురు ఎర్ర పట్టుచీర కట్టుకుంటే ఆ ఎరుపు చీర అంచు దాటి పక్కనున్న పెళ్ళికొడుకు పంచె మీదికి కారినట్టు కనపడుతుంది. బూజు పట్టిన టేపైతే తెల్ల చుక్కలు, గీతలు వస్తాయి. టేపు ఎక్కడో నలిగితే ఆ నలిగిన చోట బొమ్మ ఊగుతుంది, మాట కూడా అక్కడే ముద్దైపోతుంది.

ముఖ్యమైన సంగతేమిటంటే, పాడైన టేపుకి కథ తెలియదు. తాళి కట్టే క్షణంలో శుభ్రంగా ఉండి, భోజనాల బంతి దగ్గర పూర్తిగా చెడిపోవచ్చు. లేదా సరిగ్గా తాళి దగ్గరే పోయి ఆ ఇంటివాళ్ళు నా ముందు కూర్చుని కళ్ళనీళ్ళు పెట్టుకోవచ్చు. ఈ సినిమాలో మాత్రం హంతకుడు ముసుగేసుకుని నాలుగు కాళ్ళ మీద పాకుతూ వచ్చేసరికి బొమ్మ చీలుతుంది, రంగు విరుగుతుంది. మనం ఏది పూర్తిగా చూడకూడదో అక్కడే టేపు చెడుతుంది. రెండు మూడుసార్లు అలా జరిగాక నాకు అర్థమైంది. ఈ గీతలు బూజు వల్ల వచ్చినవి కావు, ఎవరో కూర్చుని లెక్క ప్రకారం వేసినవి. ఇది సినిమా అని అక్కడ తేలిపోయింది, గుండె కుదుటపడింది.

కుదుటపడింది అన్నానా, అయినా ఆ రాత్రి నిద్ర పట్టలేదు. మీ రెండో ప్రశ్నకి జవాబు అందులోనే ఉంది.

ఆ సినిమాలో టేపుల మధ్య మధ్య ఇంటర్వ్యూలొస్తాయి. పోలీసులు, ఎఫ్‌బీఐ వాళ్ళు, చనిపోయినవాళ్ళ బంధువులు. వీళ్ళెవరూ మనకి తెలిసిన మొహాలు కాదు. తక్కువ డబ్బుతో తీసేవాడికి ఇదే పెద్ద వరం. పెద్ద నటుణ్ణి పెడితే ఆ మొహం చూడగానే నటన అని తెలిసిపోతుంది. ఒక కుర్చీ, వెనక ఒక గోడ, మాట్లాడే మనిషి ఉంటే చాలు, ఎంత పెద్ద ఘోరాన్నైనా నోటిమాటతో చెప్పించేయొచ్చు. జేమ్స్ ఫోలీ అనే పోలీసు మీదికి హంతకుడు నేరం తోసేసే భాగం చూడండి. ఫోలీకి మరణశిక్ష అమలైపోతుంది. అతను నిర్దోషి అని బయటపడే సమయానికి 2001 సెప్టెంబరు 11 దాడులు జరుగుతాయి, ఆ హడావుడిలో ఈ వార్త ఎవరికీ పట్టదు. ఒక మనిషి బతుకు నాశనమైన కథ అంతా మాటలతోనే నడిపించారు. దానికి సెట్టు అక్కర్లేదు.

కొన్ని ఇంటర్వ్యూలు మాత్రం నాకు నచ్చలేదు. కొందరు అధికారులు హంతకుడి తెలివిని పొగుడుతుంటే వాడికి హారతి పట్టినట్టుంటుంది. నటన కూడా అక్కడ అతికినట్టు లేదు.

కానీ షెరిల్ తల్లి సీను వేరు. షెరిల్ డెంప్సీ అనే అమ్మాయిని వాడు ఎత్తుకుపోయి ఏళ్ళ తరబడి దాచిపెడతాడు. ఆమె కోసం వెతుకుతున్న రోజుల్లో వాడే తల్లి దగ్గరికి వెళ్ళి, నేనేమైనా సాయం చెయ్యగలనా అని అడుగుతాడు. ఆమె వాడి మొహంలోకి చూస్తుంది. వీడే అని ఆమెకి తెలిసిపోతుంది. అంతే. ఒక్క చుక్క రక్తం లేదు. సినిమా మొత్తంలో నాకు అంతకన్నా భయంకరమైనది కనపడలేదు. చివర్లో షెరిల్ దొరికాక ఇచ్చే ఇంటర్వ్యూ కూడా అంతే. ఇంటికొచ్చింది, వాడి చేతిలోంచి మాత్రం బయటపడలేదు. వాడు నన్ను ప్రేమించాడు అంటుంది. ఆ మాట దగ్గర నేను తల తిప్పేసుకున్నాను.

ఇవి నాకంతగా ఎందుకు తగిలాయో చెప్పాలంటే ఒక పాత సంగతి చెప్పాలి. ఆ రోజుల్లో ఎక్కడైనా అనుమానం ఉన్న చావు జరిగితే స్టేషన్ నుంచి కానిస్టేబుల్ బండి మీద వచ్చి దగ్గర్లో ఉన్న స్టూడియోవాణ్ణి తీసుకెళ్ళేవాడు. శవపంచనామాకి ఫోటోలు, కొన్నిసార్లు వీడియో కావాలి కదా. నేను అలా చాలాసార్లు వెళ్ళాను. నిజమైన పోలీసు వీడియో ఎలా ఉంటుందో తెలుసా? చాలాసేపు ఏమీ జరగదు. ఎస్సై గారి కోసం ఎదురుచూపు, పంచాయతీదార్ల సంతకాలు, ఎవరో మంచినీళ్ళు అడగడం, కెమెరా నేలవైపు తిరిగి ఉండటం. ఈగలు. భయం కాదు, ఒక రకమైన బరువు.

2001లో ఒక సాయంత్రం కాలువలో పడిన పిల్లాణ్ణి బయటికి తీసేసరికి బాగా చీకటి పడింది. పన్నెండేళ్ళుంటాయేమో. గట్టు మీద పడుకోబెట్టారు. నా దగ్గర పెళ్ళిళ్ళకి వాడే సన్‌గన్ లైటే ఉంది. వెలిగించి పిల్లాడి మొహం మీదికి పట్టాను. తండ్రి పక్కనే గొంతుక్కూర్చుని ఉన్నాడు, ఏడవడం లేదు. చెయ్యి అడ్డం పెట్టి నాతో మెల్లగా అన్నాడు: "బాబూ, ఆ లైటు కాస్త పక్కకి తిప్పు. వాడి కళ్ళల్లో పడుతోంది."

నేను లైటు తిప్పేశాను. ఎస్సై గారు ఏమీ అనలేదు.

మర్నాడు స్టేషన్‌కి కాపీ తీసేటప్పుడు ఆ టేపు మళ్ళీ చూశాను. తండ్రి అన్న ఆ మాట టేపులో చాలా సన్నగా, దూరంగా వినపడింది. దాని మీద పెద్దగా వినపడింది నా ఊపిరి. కెమెరాకి ఉండే మైకు భుజం మీద, మన నోటికి జానెడు దూరంలో ఉంటుంది. ముందున్నవాళ్ళ మాటకన్నా కెమెరా పట్టుకున్నవాడి గాలే దానికి దగ్గర. పెళ్ళి క్యాసెట్లలో సన్నాయి మేళం ఈ చప్పుణ్ణి కప్పేస్తుంది. కాలువ గట్టు మీద కప్పడానికేమీ లేదు.

ఆ రాత్రి పకిప్సీ టేప్స్‌లో నాకు వినపడింది అదే. అరుపులు దూరంగా ఉంటాయి, కెమెరా వెనకున్నవాడి ఊపిరి, గొంతు దగ్గరగా ఉంటాయి. గీతలు, రంగులు దొంగవే, సరే. కానీ ఆ దగ్గరా దూరం లెక్క మాత్రం ఎవరో బాగా తెలిసినవాళ్ళు పెట్టింది. చూసేవాణ్ణి తీసుకెళ్ళి చచ్చేవాళ్ళ పక్కన కాదు, చంపేవాడి భుజం పక్కన నిలబెడుతుంది. పెద్ద బడ్జెట్ హారర్ సినిమాలు ఇది చెయ్యలేవు. వాటిలో శబ్దం నాలుగు వైపుల నుంచీ అందంగా వస్తుంది, కెమెరా పట్టుకున్న మనిషంటూ ఎవడూ ఉండడు. డబ్బు లేకపోవడం ఈ సినిమాకి లోటు కాలేదంటే కారణం ఇదే.

ఇలాంటివి ఇంకేమైనా ఉన్నాయా అన్నారు. చాలా ఉన్నాయి గానీ నేను చూడమని చెప్పేది ఒక్కటే. 1992లో బెల్జియంలో ముగ్గురు కుర్రాళ్ళు, రెమీ బెల్వో, ఆంద్రే బొంజెల్, బెన్వా పూల్వోర్డ్, చేతిలో డబ్బు లేకుండా నలుపు తెలుపులో ఒక సినిమా తీశారు. ఇంగ్లీషులో 'మ్యాన్ బైట్స్ డాగ్' అంటారు. ఒక డాక్యుమెంటరీ బృందం బెన్ అనే హంతకుడి వెంట తిరుగుతూ ఉంటుంది. శవాన్ని నీళ్ళలో పడేస్తే తేలకుండా ఉండాలంటే ఎంత బరువు కట్టాలో వాడు కెమెరాకి పాఠం చెప్పినట్టు చెప్తాడు. మొదట చూస్తూ ఉన్న బృందం మెల్లమెల్లగా శవాలు మొయ్యడానికి చెయ్యి వేస్తుంది. అక్కడితో ఆగరు. బెన్‌గా వేసిన పూల్వోర్డ్ సొంత తల్లి, అమ్మమ్మ, తాతయ్యలే తెర మీద కూడా అతని తల్లి, అమ్మమ్మ, తాతయ్య. వాళ్ళింట్లో భోజనం బల్ల దగ్గర మాట్లాడుతుంటే అది నటన అనిపించదు. పకిప్సీలో కొందరు అధికారుల దగ్గర కుదరనిది ఇక్కడ కుదిరింది. చివర కెమెరా కిందపడి, పట్టుకునేవాడు లేకుండా కాసేపు తిరుగుతూనే ఉంటుంది.

రెండింటిలోనూ ఆడవాళ్ళ మీద హింస చాలా ఎక్కువ. బెల్జియం సినిమాలో ఒక అత్యాచారం సీనుంది, అది నేను రెండోసారి చూడలేదు, చూడను కూడా. పకిప్సీ మొదట్లోనే చిన్నపిల్ల ఉంది. ఇంట్లో ఆ వయసు పిల్లలున్నవాళ్ళు, ఈ మధ్య ఎవరినైనా పోగొట్టుకున్నవాళ్ళు దయచేసి దాని జోలికి వెళ్ళొద్దు. నిజమో కాదో తేల్చుకోవడానికి సినిమా మొత్తం చూడక్కర్లేదు, ఆ జవాబు పైన ఇచ్చాను.

అయినా చూస్తానంటే ఫోన్ స్పీకర్లో చూడకండి. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని, బొమ్మ చెడిపోయిన చోట కళ్ళు మూసుకుని వినండి. ఎవరి గొంతు దగ్గరగా ఉందో, ఎవరిది దూరంగా ఉందో మీకే తెలుస్తుంది.