అగస్త్యుడి వెలుగు కొలిచేదెలా?

ప్రశ్న: అగస్త్య నక్షత్రం సూర్యుడి కంటే పది వేల రెట్లకు మించి వెలుగుతుందని పోయిన నెల రాశారు. మా డాబా మీద నుంచి చూస్తే దానికన్నా మృగవ్యాధ (సిరియస్) నక్షత్రమే బాగా మెరుస్తోంది. ఎవరూ అక్కడికి వెళ్ళి చూడలేదు కదా, అంత గట్టిగా ఎలా చెబుతారు మాస్టారూ?
(ఒక పాఠకురాలు, బొబ్బిలి)

జవాబు: మీ కంటి తప్పేమీ లేదమ్మా. మృగవ్యాధం దాదాపు రెండింతలు కాంతిగా కనిపిస్తుంది. పైగా మన వైపు అగస్త్యుడు దక్షిణాన బాగా కిందుగా ఉంటాడు. అక్కడ గాలి పొర మందం, ఇంకాస్త వెలుగును మింగేస్తుంది.

చిన్నప్పుడు కళింగపట్నం ఒడ్డున నేనూ ఇలాగే మోసపోయాను. రాత్రి సముద్రం మీద రెండు దీపాలు కనిపించాయి. ఒకటి ధగధగలాడుతోంది, రెండోది మిణుకుమంటోంది. ధగధగలాడేదే ఓడ అని గుప్పెడు జీడిపప్పు పందెం కాశాను. మా మేనమామ మాట్లాడకుండా ఒడ్డు వెంబడి కొంతదూరం నడిపించాడు. చూస్తుండగానే ఆ పెద్ద వెలుగు వెనక్కి జరిగిపోయింది, చిన్నది ఉన్నచోటే ఉంది. జరిగింది దగ్గర్లోని పడవ మీది పెట్రోమాక్స్. జరగనిది ఎక్కడో దూరాన ఆగిన ఓడ. జీడిపప్పు పోయింది.

ఖగోళ శాస్త్రజ్ఞులు నడిచేదీ ఆ నడకే. ఆరు నెలల్లో భూమి సూర్యుడికి ఈ పక్క నుంచి ఆ పక్కకు, 30 కోట్ల కిలోమీటర్ల అవతలికి చేరుతుంది. ఆ రెండు చోట్ల నుంచి చూస్తే దగ్గరి నక్షత్రం కాస్త జరిగినట్టు కనిపిస్తుంది. ఆ జరుగుబాటును బట్టి దూరం తేలుతుంది. 1838లో జర్మన్ ఖగోళ శాస్త్రజ్ఞుడు బెస్సెల్ ఇలాగే ఒక నక్షత్రం దూరం కట్టాడు. మృగవ్యాధం 8.6 కాంతి సంవత్సరాల (కాంతి ఏడాదిలో పోయే దూరమే కాంతి సంవత్సరం) దూరంలో, అగస్త్యుడు సుమారు 310 కాంతి సంవత్సరాల దూరంలో ఉన్నాయి. అంటే 36 రెట్లు.

దూరం రెట్టింపైతే మనకు అందే కాంతి నాలుగో వంతే. కాబట్టి 36ను 36తో హెచ్చవేయండి, దాదాపు 1,300. అగస్త్యుడు మనకు సగమే కనిపిస్తున్నాడు కనుక అసలు వెలుగులో మృగవ్యాధానికి 650 రెట్లు. మృగవ్యాధం 25 సూర్యుళ్ళ పాటిది. మిగిలిన గుణకారం మీకే వదిలేస్తున్నాను.

అందిన కాంతిని కొలవడం పెద్ద కష్టం కాదు. ముందే కొలిచి ఉంచిన నక్షత్రాలతో పోల్చి, గాలీ నడిమి ధూళీ మింగినది కలిపి, కంటికి కనిపించని కిరణాల వాటాను నక్షత్రం వేడిని బట్టి లెక్కిస్తారు. పీకులాటంతా దూరంతోనే. దూరంలో పదో వంతు పొరబడితే వెలుగులో ఐదో వంతు పొరబడతాం. అగస్త్యుడి జరుగుబాటు ఎంతనుకున్నారు? ఒక డిగ్రీని లక్షా డెబ్బై వేల ముక్కలు చేస్తే అందులో ఒక్క ముక్క! కదిలే గాలి కింద నుంచి అది పట్టుబడదు. 1989లో పైకి వెళ్ళిన హిప్పార్కస్ ఉపగ్రహం దాన్ని పట్టింది. 2013లో వెళ్ళిన గయా ఉపగ్రహం వంద కోట్లకు పైగా నక్షత్రాలను ఇంకా నిశితంగా కొలిచింది కానీ, అగస్త్యుడంతటి వెలుగును దాని కెమెరాలు తట్టుకోలేకపోయాయి. అందుకే నేను రాసిన అంకెకు ఆధారం పాత హిప్పార్కస్ కొలతే.