పత్తి ఆపుకుని కూర్చోబోయే అల్లుడికి

అల్లుడూ,

మీ అమ్మ ఫోన్ చేసింది. ఇంటి పత్తి చాలదని ఊళ్లోవాళ్లది కూడా అప్పు తెచ్చి కొని గోదాములో పెడతానంటున్నావట. పెద్ద దేశాలు సుంకాలతో కొట్టుకుంటే మన రేటు లేస్తుందని లెక్క. ఆదోని యార్డులో ముప్పై ఏళ్లు కమీషన్ మండీ నడిపాను. ఆ లెక్క నేనూ వేశాను.

2018లో అమెరికా పత్తి మీద చైనా 25 శాతం సుంకం వేసింది. ఇక మన సరుకుకు తిరుగులేదనుకున్నా. చైనావాళ్లు మన దగ్గరా కొన్నారు కానీ బ్రెజిల్, ఆస్ట్రేలియాల వైపు కూడా తిరిగారు. నా గోదాములో పత్తి ఎండి తూకం తగ్గింది, వడ్డీ తగ్గలేదు. ఆ ఏడాదే మీ అత్త గాజులు బ్యాంకుకు పోయాయి. ఆ మాట ఆమె దగ్గర ఎత్తకు.

ఒకసారి దారి మారిన బేరం వెంటనే పాత అంగడికి రాదు. బ్రెజిల్‌నే చూడు, 2023-24లో పత్తి ఎగుమతిలో అమెరికానే దాటేసింది. సుంకమొక్కటే కారణమనను, అక్కడ పంట కూడా పెరిగింది.

2025 ఆగస్టు 27 నుంచి కొన్నాళ్లు మన సరుకులో చాలావాటి మీద అమెరికా సుంకం 50 శాతం నడిచింది. అది కట్టేది అక్కడ సరుకు దించుకునే వ్యాపారే. కానీ అతను తిరుప్పూరు చొక్కాలవాణ్ణి రేటు తగ్గించమంటాడు, చొక్కాలవాడు నూలు మిల్లును, మిల్లు పత్తి నుంచి గింజ వేరుచేసే జిన్నింగువాణ్ణి. చివరికి ఆ బరువు యార్డులో మన బండి దగ్గర దిగుతుంది. అదే నెలలో మన కేంద్రం మిల్లుల కోసం దిగుమతి పత్తి మీద 11 శాతం సుంకం ఎత్తేసింది, డిసెంబరు దాకా. అప్పుడు రెండువైపులా దెబ్బే.

అందుకని ఊళ్లోవాళ్ల పత్తి జోలికి పోవద్దు. నీది మూడు నాలుగు విడతలుగా అమ్ము. మద్దతు ధరకు పత్తి కొనే కేంద్ర సంస్థ సీసీఐ. దాని కపాస్ కిసాన్ యాప్‌లో పేరు ముందే ఎక్కించుకో. 2025-26లో పొడుగు పింజ పత్తికి మద్దతు ధర క్వింటాలుకు 8,110 రూపాయలు ఉండింది. బయట రేటు ఈ ఏటి మద్దతు ధర కంటే పడితే సీసీఐకే పెట్టు. తేమ 8 శాతం దాటితే ధరలో కోత, 12 దాటితే అసలు తీసుకోరు. వానకు తడిసింది, సరిగా విచ్చని కాయల గుడ్డిపత్తి మంచిదాంట్లో కలపకు. గింజల రేటు కూడా రోజూ అడుగు, జిన్నింగువాళ్లు దాన్ని చూసే మనకు ధర కడతారు.

అప్పు కాగితం మీద సంతకం ఇంకా పెట్టలేదు కదా? ఆదివారం రా. ఆ ఏటి చిట్టా పుస్తకం చూపిస్తా.

మీ మామ