ఒకినావా వెళ్తారు సరే, మోకాలు బెణికితే?

ప్రశ్న: మాది రాజోలు దగ్గర. గోజు-ర్యూ కరాటే నేర్పుతాను. ఇంటి దగ్గర క్లాసుల మీద నెలకు 24,000, రెండు స్కూళ్ల నుంచి 18,000 వస్తాయి. వేసవి రెండు నెలలు స్కూళ్ల డబ్బు రాదు. ఇంటి ఖర్చు 24,000, చీటీ 10,000. బ్యాంకులో 40,000 ఉంది. ఎనిమిది నెలల్లో, ఆగస్టులో, జపాన్‌లోని ఒకినావాలో పది రోజుల శిక్షణ సెమినార్. మొత్తం 2.75 లక్షలవుతుంది. 20 నెలల 2 లక్షల చీటీలో 8 వాయిదాలు కట్టాను. ఇప్పుడు పాడితే 1.60 లక్షలు చేతికొస్తాయి. మిగతా 1.15 లక్షలకు మా ఆవిడ నగలు తాకట్టు పెడదామనుకుంటున్నా. ఇంకా తక్కువైతే రెండు రూపాయల వడ్డీకి ఇచ్చేవాళ్లున్నారు. ఏ అప్పు మేలు?

జవాబు: మాస్టారూ, ఏదీ మేలు కాదు. ఈ ఆగస్టుకు వెళ్లొద్దు. పై ఆగస్టుకు వెళ్లండి, అప్పు లేకుండా వెళ్లొచ్చు.

మీ కూడికలు, తీసివేతలు అన్నీ సరిగ్గానే ఉన్నాయి. అందుకే ఈ ప్రశ్న తీసుకున్నాను. కాగితం మీద చక్కగా కుదిరిన లెక్కతోనే చాలామంది ఇరుక్కుంటున్నారు. ప్రతి నెలా మీరు క్లాసు చెబుతారు, ప్రతి నెలా ఫీజులు వస్తాయి అనుకుని వేసిన లెక్క ఇది. కానీ మీకు జీతం తెచ్చేది మీ ఒళ్లే. పది రోజులు పొద్దున్నా సాయంత్రం కుమితే (ఎదురెదురు పోరు) చేసి, మోకాలు బెణికి ఇంటికొచ్చారనుకోండి. నగల వడ్డీ రూపాయి చొప్పున వేసుకున్నా నెలకు 1,150. పాడేసిన చీటీకి తిరిగొచ్చాక కూడా నాలుగు వాయిదాలు మిగులుతాయి. ఇంటి ఖర్చుతో కలిపి నెలకు 35,000 పైనే కావాలి. రెండు నెలలు క్లాసు లేకపోతే 70,000. అప్పటికి మీ బ్యాంకులో మహా అయితే 60,000 ఉంటుంది. మూడో నెల ఎవరి గుమ్మం ఎక్కుతారు? ఆ రెండు రూపాయల వడ్డీ మనిషి గుమ్మమే కదా! ఏడాదికి 24 శాతం అది. దాని మాట మళ్లీ ఎత్తకండి.

నగల సంగతి ఇంకా ముఖ్యం. బ్యాంకులో ఆ 40,000 తప్పిస్తే ఇప్పుడు మీ ఇంట్లో ఉన్న అత్యవసర నిధి అదొక్కటే. దాన్ని విమానం టికెట్టుకు పెట్టేస్తే నిజంగా అవసరం పడ్డ రోజున ఏం పెడతారు?

ఆగస్టు అంటే మనకు వరదల కాలం. ధవళేశ్వరం దగ్గర ప్రవాహం 10 లక్షల క్యూసెక్కులు దాటి మొదటి ప్రమాద హెచ్చరిక ఇచ్చారంటే లంకల పిల్లలు క్లాసుకు రారు, ఫీజులూ ఆగుతాయి. ఒకినావాలోనూ అది తుఫాన్ల సీజనే. ఒకినావా రాజధాని నాహాకు మన దేశం నుంచి నేరుగా విమానం లేదు, ఎక్కడో ఒకచోట మారాలి. ఒకటి రద్దయితే రెండు మూడు రోజుల హోటల్ ఖర్చు నెత్తిన పడుతుంది. ఈ ఖర్చు మీ 2.75 లక్షల్లో లేదు. పది పన్నెండు రోజులు మీరు ఊళ్లో లేకపోతే తగ్గే ఫీజుల లెక్కా అందులో లేదు. సీనియర్ శిష్యుడు క్లాసు నడుపుతాడనుకున్నా, అతనికీ ఎంతో కొంత ఇవ్వాలిగా.

ఇలా చేయండి. చీటీ పాడకుండా చివరిదాకా ఉంచండి. నడిపే మనిషి నమ్మకస్తుడేనని మీకు తెలిసే ఉంటుంది. అయినా కొత్త చీటీ మాత్రం కట్టకండి. ఏడాది తర్వాత ఇప్పుడున్న చీటీ మీద సుమారు 2 లక్షలు, బ్యాంకులో పోగయ్యే లక్షతో కలిపి 3 లక్షలవుతాయి. అందులో ఆరు నెలల ఇంటి ఖర్చు, 1,44,000, వేరే ఖాతాలో పడేసి మరిచిపోండి. దాన్ని ఎఫ్‌డీలో పెడతారో సేవింగ్స్‌లో ఉంచుతారో మీ ఇష్టం, రాబడి చూసుకునే డబ్బు కాదది. మిగిలిన 1,56,000కు, చీటీ వాయిదాలు అయిపోయాక మరో ఎనిమిది నెలల్లో లక్ష పైన కలుస్తుంది. ఇంకో పది వేలు తక్కువైతే ఆ వేసవిలో ఒక సమ్మర్ క్యాంపు పెట్టండి. సాన్చిన్ కతాలో ముందు పాదాలు నేలకు పట్టించమని పిల్లలకు చెప్పేది మీరే కదా, డబ్బుకూ అదే పాఠం.

బీమా గురించి ఒక మాట. ఎన్టీఆర్ వైద్యసేవ కార్డు నాహాలో పనిచేయదు. ట్రావెల్ పాలసీ తీసుకునేటప్పుడు కరాటే శిక్షణలో తగిలే దెబ్బలకు డబ్బు ఇస్తారా అని రాతపూర్వకంగా అడగండి. ఇలాంటి ఆటల్ని చాలా పాలసీలు మినహాయిస్తాయి. ఇక్కడికి వచ్చాక పని చేయలేని వారాలకు ఇంత అని ఇచ్చే వ్యక్తిగత ప్రమాద బీమా కూడా తీసుకోండి. ఇది మాత్రం ప్రయాణం దాకా ఆగక్కర్లేదు, ఈ నెలే తీసుకోండి.

సెమినార్‌కు అడ్వాన్స్ కట్టేసి ఉంటే, పై ఏడాదికి మారుస్తారేమో అడగండి. మార్చకపోతే ఆ డబ్బు వదిలేసుకోండి. దాన్ని కాపాడుకోవడానికి 2.75 లక్షలు తేవడం లెక్కే కాదు.