డబుల్ బెడ్‌రూం కాలనీ నిర్వహణలో మన మాట చెల్లాలంటే

నమస్కారం అక్కా. మహబూబ్‌నగర్‌లో ప్రభుత్వం పేదలకు కట్టించిన మీ డబుల్ బెడ్‌రూం కాలనీలో నీళ్ల మోటారు కాలిపోయి నెల దాటిందనీ, ఎవరికి వారు వెళ్లి అడిగితే ఎవరూ పట్టించుకోవడం లేదనీ రాశారు. నల్లగొండలో మా బ్లాకు మెట్ల ముందు మ్యాన్‌హోల్ పొంగినప్పుడు పిల్లలు ఇటుకల మీద అడుగులేస్తూ బడికి పోయిన రోజులు నాకింకా గుర్తే. విడివిడిగా ఇచ్చిన అర్జీలతో మాకూ పని జరగలేదు.

ముందు కాలనీవాసుల సంఘాన్ని రిజిస్టర్ చేయించండి. 2001 నాటి సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం ఏడుగురు సభ్యులుంటే చాలు. కార్యవర్గంలో ఆడవారే ఎక్కువ ఉండాలని నా గట్టి అభిప్రాయం, ఎందుకంటే నల్లా ఏ వేళకు ఆగుతుందో, ఏ అంతస్తుకు నీరెక్కడం లేదో బిందె పట్టుకొని నిలబడే వారికే తెలుస్తుంది. ఆ వివరాలన్నీ తేదీలతో ఒక నోటు పుస్తకంలో రాసి, అందరి సంతకాలతో అర్జీ తయారుచేసి, సోమవారం కలెక్టరేట్‌లో ప్రజల ఫిర్యాదులు తీసుకునే ప్రజావాణిలో ఇచ్చి, రసీదు తప్పక తీసుకోండి.

మోటారు మరమ్మతు బాధ్యత ఏ శాఖదో, అందుకు ఎంత నిధి కేటాయించారో 2005 నాటి సమాచార హక్కు చట్టం కింద అడగండి. ముప్పై రోజుల్లో జవాబివ్వాలి. దారిద్ర్యరేఖకు దిగువనున్న వారికి ఫీజు ఉండదు.

2019 తెలంగాణ మున్సిపాలిటీల చట్టం ప్రకారం వార్డు కమిటీల్లో మహిళలకూ వయోవృద్ధులకూ వేరువేరు కమిటీలున్నాయి. మీ కాలనీ వారు వాటిలో చేరితే, పని చెడ్డాక తిరగడం కాకుండా, ఏ పని ముందు చేయాలో చెప్పే చోటే కూర్చోగలుగుతారు.